బకిల్ ఎక్కడ ఆగాలి? వాచీ స్ట్రాప్ పొడవు ఎంచుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

వాచీకి కొత్త స్ట్రాప్ కొనేటప్పుడు దాదాపు అందరం చూసేవి రెండే, రంగూ వెడల్పూ. 20 మి.మీ. వాచీకి 20 మి.మీ. స్ట్రాప్ అని చూసుకుని ఆర్డర్ పెట్టేస్తాం. వచ్చాక బిగిస్తే చక్కగా కూర్చుంటుంది, సంతోషం. అసలు గొడవ చేతికి పెట్టుకున్నాక మొదలవుతుంది. బకిల్ మణికట్టు కింద మధ్యలో ఉండకుండా బొటనవేలి వైపు జరిగిపోయి టేబుల్ అంచుకి గీసుకుంటూ ఉంటుంది, స్ట్రాప్ కొస రెండు లూపులూ దాటి పైకి పాకి చొక్కా కఫ్‌లో ఇరుక్కుంటుంది, ఒక బెజ్జంలో పెడితే బిగుతు, పక్కదాంట్లో పెడితే వాచీ చేతి చుట్టూ తిరుగుతుంది.

ఈ తప్పు నేను వరసగా మూడుసార్లు చేశాను. నా మణికట్టు చుట్టుకొలత 16.5 సెం.మీ. "స్టాండర్డ్ సైజు, అందరికీ సరిపోతుంది" అని రాసి ఉన్న 120/75 స్ట్రాపులు మూడు కొన్నాను, మూడూ డ్రాయర్‌లో పడున్నాయి. మూడోదాని తర్వాత ఒళ్లు మండి స్కేలూ పెన్నూ పట్టుకుని కూర్చుంటే అర్థమైంది, స్ట్రాప్‌కి ఉండేది ఒక పొడవు కాదు, రెండు. ఆ రెండింటినీ విడివిడిగా చూడకపోతే మొత్తం పొడవు ఎంత సరిపోయినా చేతి మీద కుదరదు.

ముందు పేర్లు

మామూలు స్ట్రాప్‌లో రెండు ముక్కలుంటాయి. 12 అంకె వైపు బిగించేది పొట్టి ముక్క, దాని చివర బకిల్ ఉంటుంది. 6 అంకె వైపు బిగించేది పొడుగు ముక్క, బెజ్జాలున్నది. 120/75 అంటే పొడుగు ముక్క 120 మి.మీ., బకిల్ ముక్క 75 మి.మీ. అని. కొందరు తిరగేసి 75/120 అని కూడా రాస్తారు, భయపడక్కర్లేదు, పెద్దది ఎప్పుడూ బెజ్జాల ముక్కే. ఈ కొలతల్లో సాధారణంగా బకిల్ లోహం పొడవు కలపరు. కొందరు మాత్రం కలిపేస్తారు, అందుకే అమ్మేవాళ్లని "బకిల్‌తో కలిపా, లేకుండానా" అని ఒక ముక్క అడిగేయడం మంచిది, 10 మి.మీ. తేడా అంటే ఒకటిన్నర బెజ్జం.

వాచీ కేసు నుంచి స్ట్రాప్ పట్టుకోవడానికి ముందుకొచ్చిన నాలుగు కొమ్ముల్లాంటివి లగ్‌లు. వాటి మధ్య అడ్డంగా పట్టి ఉండే స్ప్రింగున్న సన్నటి పుల్ల స్ప్రింగ్ బార్. బకిల్ దాటిన కొసని పట్టి ఉంచే చిన్న ఉంగరాలు లూపులు, ఒకటి కుట్టేసి ఉంటుంది, ఇంకోటి జరుగుతుంది.

మొదటి అడుగు: మణికట్టు కొలవడం

బట్టలు కుట్టేవాళ్లు వాడే మెత్తటి టేపు ఉంటే అదే చాలు. లేకపోతే సన్నటి కాగితం పట్టీ చుట్టి, కలిసిన చోట గీత పెట్టి, స్కేలు మీద పరిచి చూడండి. సాగే దారంతో మాత్రం కొలవొద్దు.

ఎక్కడ కొలవాలన్నదే ముఖ్యం. చిటికెన వేలి వైపు మణికట్టు మీద ఒక ఎముక గుండ్రంగా పైకి లేచి ఉంటుంది. చాలామంది వాచీ ఆ ఎముకకీ మోచేతికీ మధ్య పెట్టుకుంటారు, కొందరు ఎముకకి ముందు, అరచేతి వైపు పెట్టుకుంటారు. ఈ రెండు చోట్లా కొలత ఒకటే రాదు, కాబట్టి మీ వాచీ నిజంగా కూర్చునే చోటే కొలవండి. టేపు చర్మానికి తాకాలి, నొక్కకూడదు.

ఒక్కసారి కొలిచి ఆపొద్దు. ఎండకీ, వ్యాయామానికీ, రోజంతా తిరిగాక సాయంత్రానికీ చెయ్యి కొద్దిగా ఉబ్బుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి రెండూ రాసుకోండి. నాకు పొద్దున 16.3 ఉంటే సాయంత్రం 16.8 దాకా వస్తుంది. అంటే 5 మి.మీ. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం మామూలుగా 6, 7 మి.మీ. ఉంటుంది, కాబట్టి దాదాపు ఒక బెజ్జం తేడా రోజులోనే వచ్చేస్తోంది. పొద్దున సరిగ్గా ఉన్న స్ట్రాప్ సాయంత్రానికి పిండేస్తోందంటే మీ తప్పేం లేదు.

రెండో అడుగు: వెడల్పు

ఇది తొందరగా తేల్చేద్దాం. రెండు లగ్‌ల లోపలి అంచుల మధ్య దూరం కొలవాలి, లగ్‌ల మందం కలపకూడదు. వెర్నియర్ కాలిపర్ ఉంటే హాయి, లేకపోతే స్ట్రాప్ తీసేసి సన్నటి స్కేలు పెట్టి చూడండి. వాచీ సైజుని బట్టి వెడల్పు ఊహించొద్దు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ 42 మి.మీ. వాచీ, దాని లగ్ వెడల్పు 20. సీకో ఎస్‌కేఎక్స్007 కూడా దాదాపు అంతే ఉంటుంది, దానికి 22 కావాలి. రోలెక్స్ సబ్‌మరైనర్ ఏళ్ల తరబడి 20 ఉండి, 2020లో వచ్చిన 41 మి.మీ. మోడల్‌తో 21 అయింది. 19, 21 లాంటి బేసి కొలతలు చాలానే ఉంటాయి, కొలిస్తే 21 వచ్చిందంటే అది మీ స్కేలు తప్పు అనుకుని 20 కొనేయకండి.

1 మి.మీ. పెద్దది కొంటే? మెత్తటి తోలు, నైలాన్ అయితే నొక్కి పట్టించొచ్చు, అంచులు కాస్త నలుగుతాయి. గట్టి రబ్బరు ముడతపడుతుంది, లోహపు చైన్ అసలు పట్టదు. 1 మి.మీ. చిన్నది కొంటే పక్కల్లో స్ప్రింగ్ బార్ కనబడుతుంది, స్ట్రాప్ అటూ ఇటూ కదులుతుంది. ఏదో ఒకటి తప్పదంటే తోల్లో 1 మి.మీ. పెద్దదే నయం.

స్ట్రాప్ బకిల్ వైపుకి వచ్చేసరికి సన్నబడుతుంది. 20/16 అంటే లగ్ దగ్గర 20, బకిల్ దగ్గర 16. పాత బకిల్ కొత్త స్ట్రాప్‌కి పెట్టుకోవాలనుకుంటే ఈ రెండో అంకె కలవాలి.

మూడో అడుగు: ఇప్పుడున్న స్ట్రాప్‌ని కొలవండి

మీ దగ్గర ఇప్పటికే బాగా కుదిరిన స్ట్రాప్ ఒకటుంటే సగం పని అయిపోయినట్టే. దాన్ని తీసి బల్ల మీద చదునుగా పరిచి మూడు కొలతలు తీసుకోండి: బకిల్ ముక్క పొడవు (లగ్ వైపు చివర నుంచి తోలు బకిల్ పుల్ల చుట్టూ మడత తిరిగే చోటు దాకా), పొడుగు ముక్క లగ్ వైపు చివర నుంచి మీరు రోజూ వాడే బెజ్జం దాకా, అదే ముక్క మొత్తం పొడవు. రోజూ వాడే బెజ్జం చుట్టూ తోలు సాగి, కాస్త రంగు మారి ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

మొదటి రెండూ కలిపితే వచ్చేదే మీ అసలు సైజు. కొత్త స్ట్రాప్‌లో బకిల్ ముక్కా, ఏదో ఒక బెజ్జం దాకా ఉన్న దూరమూ కలిపితే దీనికి దగ్గరగా రావాలి, అదీ మధ్య బెజ్జాల్లో ఎక్కడైనా రావాలి, మొదటి దాంట్లోనో చివరి దాంట్లోనో కాదు. చాలామంది అమ్మేవాళ్లు బెజ్జాల దూరం రాయరు. ఫోటోలో ముక్క పొడవు తెలుసు కాబట్టి స్క్రీన్ మీద స్కేలు పెట్టి లెక్కగట్టొచ్చు. నేను అలాగే చేస్తాను, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే.

వేరే వాచీ మీద ఉన్న స్ట్రాప్‌ని కొలుస్తుంటే ఒక జాగ్రత్త. పెద్ద వాచీ మణికట్టు మీద ఎక్కువ భాగం తనే కప్పేస్తుంది, కాబట్టి స్ట్రాప్ తక్కువ చాలు. 36 మి.మీ. వాచీకీ 45 మి.మీ. వాచీకీ ఒకే చేతి మీద ఒక బెజ్జానికి పైగానే తేడా వస్తుంది.

నాలుగో అడుగు: స్ట్రాప్ లేకపోతే లెక్క

కొలవడానికి మంచి స్ట్రాప్ లేనివాళ్లకి, లేదా నాలాగా ఉన్నవన్నీ కుదరనివే అయినవాళ్లకి, ఈ లెక్క.

వాచీ మీద పై స్ప్రింగ్ బార్ నుంచి కింది స్ప్రింగ్ బార్ దాకా నేరుగా ఎంత దూరం ఉందో కొలవండి. లగ్ కొస నుంచి లగ్ కొసకి 47 మి.మీ. ఉన్న వాచీలో ఇది సుమారు 41, 42 ఉంటుంది. మణికట్టు చుట్టుకొలతకి స్ట్రాప్ మందం కోసం కొంత కలపాలి, ఎందుకంటే స్ట్రాప్ చర్మం మీద గీత కాదు, దానికి ఒళ్లుంది, వంగినప్పుడు లోపలి వైపు పొట్టిగా బయటి వైపు పొడుగ్గా అవుతుంది. 3 మి.మీ. మందం తోలుకి 7 మి.మీ. కలిపితే చాలు, పల్చటి స్ట్రాప్‌కి 4, 5.

నా చెయ్యే ఉదాహరణ. 165కి 7 కలిపితే 172. అందులోంచి వాచీ తాలూకు 42 తీసేస్తే 130. అంటే బకిల్ ముక్కా, బెజ్జం దాకా ఉన్న దూరమూ కలిపి 130 మి.మీ. రావాలి. నేను కొన్న 120/75 సంగతి చూడండి. బకిల్ ముక్కకే 75 పోయింది, బెజ్జం 55 దగ్గర పడాలి. పొడుగు ముక్క 120 కదా, 55 పోతే ఇంకా 65 మి.మీ. కొస బకిల్ అవతల వేలాడుతుంది. 75 మి.మీ. ముక్క మీద 65 మి.మీ. కొస పాకిందంటే, లగ్‌కి ఒక్క సెంటీమీటరు దూరం దాకా వచ్చేసినట్టు! చొక్కా కఫ్‌లో ఇరుక్కోక ఏం చేస్తుంది?

బకిల్ దాటాక కొస 35 నుంచి 50 మి.మీ. ఉంటే బాగుంటుంది. రెండు లూపుల్లోంచీ దూరి, రెండోది దాటాక ఒక సెంటీమీటరు, ఒకటిన్నర కనబడి ఆగిపోతుంది. 35 కంటే తక్కువైతే కొస రెండో లూపు నుంచి జారిపోతూ ఉంటుంది, 55 దాటితే రెక్కలా లేచి నిలబడుతుంది.

ఐదో అడుగు: బకిల్ చోటు

ఎవరూ చెప్పని భాగం ఇదే, నా డ్రాయర్ నిండటానికి కారణమూ ఇదే. బకిల్ ఎక్కడ ఆగుతుందో తేల్చేది మీరు ఎంచుకునే బెజ్జం కాదు, బకిల్ ముక్క పొడవు. బెజ్జం మార్చితే బిగుతు మారుతుంది గానీ బకిల్ తన చోటు నుంచి పెద్దగా కదలదు. ముక్క మరీ పొడుగైతే బకిల్ మణికట్టు మధ్య దాటి బొటనవేలి వైపు పోతుంది (ఎడమ చేతికి పెట్టుకునేవాళ్ల మాట ఇది), మరీ పొట్టి అయితే చిటికెన వేలి వైపే ఉండిపోతుంది. రెండు సందర్భాల్లోనూ వాచీ డయల్ నెమ్మదిగా పక్కకి ఒరుగుతుంది, మనం రోజంతా తిప్పుకుంటూ కూర్చుంటాం.

బకిల్ డయల్‌కి సరిగ్గా ఎదురుగా, మణికట్టు అడుగున రావాలంటే లెక్క ఇది. పైన వచ్చిన 172లో సగం 86. అందులోంచి వాచీ దూరంలో సగం, అంటే 21, తీసేయండి, 65. బకిల్‌కి కూడా సొంత పొడవుంటుంది కదా, దాని సగానికి ఇంకో 5 తీసేయండి, 60. నా చేతికి బకిల్ ముక్క 60 మి.మీ. ఉంటే నట్టనడుమ వస్తుందన్నమాట. 75 కొన్నాను, ఒకటిన్నర సెంటీమీటరు పక్కకి పోయింది. 5 మి.మీ. అటూ ఇటూ అయితే ఎవరికీ తెలియదు, 10 దాకా సర్దుకోవచ్చు, అది దాటితే మాత్రం బల్ల మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

ఇదే లెక్క మిగతా చేతులకి కట్టి చూస్తే, మామూలు సైజు వాచీకి, 3 మి.మీ. మందం తోలుకి వచ్చేవి ఇవి. 15 సెం.మీ. మణికట్టుకి బకిల్ ముక్క 50–55, పొడుగు ముక్క 100 దగ్గర. 16.5కి 60 దగ్గర, 105–110. 18కి 65–70, 115–120. 19.5కి 75 దగ్గర, 125–130. అంటే "స్టాండర్డ్" అని అమ్మే 120/75 నిజానికి 18 సెం.మీ. దగ్గరున్న చేతికి స్టాండర్డ్. సన్నటి చేతులున్నవాళ్లు "షార్ట్" అని ఉన్నవి వెతుక్కోవాలి, ఆడవాళ్ల స్ట్రాపుల్లో చూడటం కూడా మంచి దారే, వెడల్పు 18 దాకా అందులో దొరుకుతాయి.

సైజు ఇంకా తేలకుండా రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే నా సలహా, బకిల్ ముక్క పొట్టిగా ఉన్నదే తీసుకోండి. పొడుగు ముక్క ఎక్కువైతే లూపులో సర్దుకోవచ్చు, తక్కువైతే ఇంకో బెజ్జం పొడుచుకోవచ్చు. బకిల్ ముక్క ఎక్కువైతే చేయగలిగిందేం లేదు.

క్లాస్ప్ పెడితే

మామూలు బకిల్ బదులు మడిచే డిప్లాయంట్ క్లాస్ప్ పెట్టుకుంటే లెక్క మారుతుంది. క్లాస్ప్ తెరిచినా కొస బెజ్జంలోనే ఉంటుంది, లోపలి లోహపు మడత విప్పుకుని చెయ్యి దూరుతుంది. ఆ మడత అడుగున కొంత చోటు తీసుకుంటుంది, చదునుగా గట్టిగా ఉంటుంది, సన్నటి గుండ్రటి చేతుల మీద ఎముకకి తగిలేది అదే. మీ మణికట్టు 16 సెం.మీ. కంటే తక్కువైతే పొట్టి మడత ఉన్న క్లాస్ప్ చూసుకోండి, లేదా మామూలు బకిల్‌తోనే ఉండిపోండి, అందులో నామోషీ ఏం లేదు.

ఒక్కో రకానికి ఒక్కో తిక్క

తోలు సాగుతుంది. కొత్తలో కాస్త పట్టినట్టున్నది కొన్ని వారాలకి మెత్తబడి, చేతి వంపు పట్టేసి అర బెజ్జం వదులవుతుంది. కాబట్టి కొత్త తోలు స్ట్రాప్‌ని రెండు బెజ్జాల మధ్య సందేహంలో బిగుతు దాంట్లోనే పెట్టండి, నొప్పి పుడితే తప్ప. మందం కూడా చూడండి. 5 మి.మీ. లావు తోలు స్ప్రింగ్ బార్‌కీ కేసుకీ మధ్య సందులో పట్టక కేసుని ఒరుసుకుంటుంది, ఎంత పొడవు లెక్కగట్టినా లగ్ దగ్గర కిందికి వాలదు, వాచీకి రెండు వైపులా చెవుల్లా లేస్తుంది.

రబ్బరు సాగదు, సర్దుకోదు. అందుకే రబ్బరులో బెజ్జాలు దగ్గర దగ్గరగా ఉన్నవి ఎంచుకోండి. డైవింగ్ వాచీల స్ట్రాపులు చాలావరకు పొడుగ్గానే వస్తాయి, ఎందుకంటే అవి వెట్‌సూట్ (డైవింగ్‌కి వేసుకునే మందపాటి రబ్బరు సూట్) మీంచి కట్టుకోవడానికి. కొన్నింటిలో లగ్ దగ్గర హార్మోనియం మడతల్లాంటివి కనిపిస్తాయి, అవి అందానికి కాదు. లోతుకి వెళ్లేకొద్దీ సూట్ అణిగి చెయ్యి సన్నబడినట్టవుతుంది, సాగి ఉన్న ఆ మడతలు ముడుచుకుని వాచీ వదులు కాకుండా పట్టుకుంటాయి. చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లు స్పీడ్‌మాస్టర్‌కి పొడవాటి వెల్క్రో పట్టీ వాడిందీ ఇలాగే స్పేస్‌సూట్ చేతి మీంచి కట్టుకోవడానికే. మనకి అంత పొడవు అనవసరం. కత్తిరించుకునే రకం రబ్బరు కొంటే లోపలి వైపు అచ్చు గీతలుంటాయి, వాటి మీదే కోయాలి, ఒకసారికి ఒక గీత, అటొకటి ఇటొకటి, ప్రతిసారీ పెట్టుకుని చూసి. కోసింది మళ్లీ అతకదు.

నేటో స్ట్రాప్ అంటే ఒకే పొడవాటి నైలాన్ పట్టీ, వాచీ కింది నుంచి దూరి వెళ్తుంది. దీని మూలం బ్రిటిష్ రక్షణ శాఖ 1973లో రాసిన ఒక ప్రమాణ పత్రం, సైనికులు దీన్ని తీసుకోవడానికి నింపే ఫారం పేరు మీద జీ10 అని కూడా అంటారు. ఇక్కడ రెండు ముక్కల గొడవ లేదు, ఒకే పొడవు, మామూలుగా 270, 280 మి.మీ. పైనే. కానీ గమనించాల్సింది వేరే ఉంది. వాచీ కింద రెండు పొరల నైలాన్ చేరుతుంది కాబట్టి వాచీ రెండున్నర, మూడు మి.మీ. పైకి లేస్తుంది. అసలే లావు వాచీ అయితే గోపురంలా కనబడుతుంది. వాచీ కింద ఒకే పొర వచ్చే సింగిల్ పాస్ రకం అప్పుడు మేలు. కొస మిగిలితే వెనక్కి మడిచి లూపులోకి దూర్చడం అందరూ చేసేదే. 16 సెం.మీ. చేతికి 280 పట్టీ మడిస్తే ఆ మడత మరీ పెద్దదై ఉబ్బుతుంది, 250 దగ్గరున్నది దొరికితే తీసుకోండి. లేకపోతే కొసని ఏటవాలుగా కోసి, అంచుని అగ్గిపుల్ల మంటకి దగ్గరగా చూపిస్తే నైలాన్ కరిగి దారాలు ఊడకుండా అతుక్కుంటుంది. మంటలో పెట్టకండి, దగ్గరగా చూపించడమే.

స్టీల్ చైన్‌లో పొడవు లింకుల లెక్క. అన్ని లింకులూ ఒకే వైపు తీసేయడం అందరూ చేసే తప్పు, దాంతో క్లాస్ప్ పక్కకి పోతుంది. రెండు వైపులా సమంగా తీయండి, బేసి లింకు మిగిలితే ఎక్కువమందికి 6 అంకె వైపు ఒకటి తక్కువ ఉంటేనే బాగుంటుంది, పెట్టుకుని చూసి తేల్చుకోండి. లింకుల లోపలి వైపు బాణం గుర్తులుంటే పిన్నుని బాణం దిశలో బయటికి తోయాలి, పెట్టేటప్పుడు ఎదురు దిశలో. చివరి సర్దుబాటు క్లాస్ప్ పక్కనున్న చిన్న బెజ్జాలతో చేయాలి, అవి ఎక్కువ ఉన్న క్లాస్ప్ ఉంటే సాయంత్రం ఉబ్బే చేతికి వరం. లగ్ దగ్గరి చివరి లింకు మీ మోడల్ కేసు వంపుకి తగ్గదై ఉండాలి, వెడల్పు కలిస్తే సరిపోదు. అసలు లగ్‌లే లేకుండా కేసూ చైనూ కలిసిపోయి ఉండే వాచీలకి మాత్రం ఆ మోడల్ కోసం చేసినవే కొనాలి.

మెష్ చైన్ (సన్నటి లోహపు తీగల అల్లిక), జరిపి పెట్టుకునే క్లాస్ప్‌తో ఉన్నది, ఏ కొలతకైనా ఆగుతుంది. లెక్కలంటే చిరాకు ఉన్నవాళ్లకి ఇదే తేలిక.

స్మార్ట్‌వాచీల్లో చాలావాటికి 20, 22 మి.మీ. మామూలు స్ట్రాపులే పడతాయి. ఆపిల్ వాచీది వేరే దారి, జారి ఇరుక్కునే సొంత అమరిక. 38, 40, 41 ఒక జట్టు, 44, 45, 46, 49 ఇంకో జట్టు. తిరకాసంతా 42తో. మొదటి తరాల 42 పెద్ద జట్టులో చేరుతుంది, సిరీస్ 10తో వచ్చిన 42 చిన్న జట్టులో. బకిల్ లేని సోలో లూప్ అంకెల సైజుల్లో వస్తుంది, దానికి కంపెనీ ఇచ్చే కొలత కాగితం ప్రింట్ తీసి, 100 శాతం సైజులో వచ్చిందో లేదో స్కేలుతో చూసుకున్నాకే కొలవండి.

ఆరో అడుగు: బిగించడం, పరీక్షించడం

వాచీని మెత్తటి బట్ట మీద బోర్లా పెట్టండి. స్ప్రింగ్ బార్ టూల్ చీలిక కొసతో పుల్ల మెడని లోపలికి నొక్కి తీయాలి. లగ్ లోపలి వైపు టేపు ముక్క అంటిస్తే గీతలు పడవు. కొత్త బార్ పెట్టాక టిక్ మన్న చప్పుడు వినబడాలి, తర్వాత స్ట్రాప్‌ని గట్టిగా లాగి చూడండి, ఊడేదైతే బల్ల మీదే ఊడనీ. సీకో డైవర్ వాచీలకి 2.5 మి.మీ. లావు బార్లుంటాయి, వాటి కొసలు కూడా మామూలు వాటికంటే లావు. ఆ లగ్ బెజ్జాల్లో క్విక్ రిలీజ్ (టూల్ లేకుండా వేలితోనే తీసే రకం) సన్న బార్ పెడితే పడుతుంది గానీ లూజుగా ఆడుతుంది, నేనైతే అలా పెట్టుకుని నీళ్లలోకి దిగను.

చేతికి పెట్టుకున్నాక ఇవి చూడండి. స్ట్రాప్ కింద చిటికెన వేలు దూరాలి, కానీ కాస్త పట్టుకుంటూ దూరాలి. చెయ్యి పైకెత్తి ఊపితే వాచీ ఒక వేలి వెడల్పుకి మించి జారకూడదు. పిడికిలి బిగించినప్పుడు నొప్పి పుట్టకూడదు, చెయ్యి వెనక్కి వంచినప్పుడు కిరీటం, అంటే టైమ్ తిప్పే మర, చేతి వెనక భాగంలో గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే వాచీ ఇంకాస్త వెనక్కి కూర్చోవాలి, వదులు ఎక్కువైందని అర్థం. అరగంట తర్వాత తీసి చూడండి. స్ట్రాప్ అంచుల గీత లేతగా పడి కొన్ని నిమిషాల్లో పోతే పరవాలేదు, బకిల్ అచ్చు ఎర్రగా దిగి ఉంటే ఒక బెజ్జం వదలండి. గుండె వేగం చూసే స్మార్ట్‌వాచీ మాత్రం వ్యాయామం చేసేటప్పుడు ఒక బెజ్జం బిగుతుగా ఉండాలి, లేకపోతే వెలుతురు లోపలికి దూరి అంకెలు తప్పుగా చూపిస్తుంది, పరుగు అయిపోగానే మళ్లీ వదులు చేసేయండి.

అయినా కుదరకపోతే

రెండు బెజ్జాల మధ్యే మీ సైజు పడితే, తోలుకైతే పంచ్ ఉంది. 2 మి.మీ. లోపు సైజు పెట్టి, ముందుగా పెన్సిల్‌తో నట్టనడుమ చుక్క పెట్టి పొడవండి. పాత బెజ్జాలకి మధ్యలో పొడిచేటప్పుడు మిగిలే తోలు చాలా సన్నగా ఉంటుంది, బెజ్జాల మధ్య 6 మి.మీ. కంటే తక్కువుంటే ఆ పని పెట్టుకోకండి, కొన్నాళ్లకి మూడు బెజ్జాలూ కలిసి ఒకే చీలిక అవుతాయి. మేకుతో, కత్తెర మొనతో పొడిస్తే తోలు చిరుగుతుంది, నేను పొడిచి చూశాను కాబట్టే చెబుతున్నాను.

కొస పొడుగైపోతే జరిగే లూపు ఇంకోటి కొని కలుపుకోవచ్చు. వాచీ పదే పదే ఒకే వైపు ఒరిగిపోతుంటే ఇంకో బెజ్జం వెతక్కుండా ముందు బకిల్ ముక్కని కొలవండి.

నా డ్రాయర్‌లో ఉన్న మూడింట్లో ఒకటి 18 సెం.మీ. చెయ్యి ఉన్న మా బావమరిదికి ఇచ్చాను, మధ్య బెజ్జంలో అచ్చం అతని కోసమే కుట్టినట్టు కూర్చుంది. మిగతా రెండూ కూడా పట్టుకుపోతానంటున్నాడు.